ఒప్పుకోలా, మౌనమా? అలీపూర్ బాంబు కేసు (1908-1909)లో నేరాంగీకారం, అప్రూవర్ సాక్ష్యం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే నేరారోపణపై నిర్బంధంలో ఉన్న సహచరులలో ఒకరు నేరం ఒప్పుకోవడం, మరొకరు మౌనం వహించడం, ఇంకొకరు క్షమాభిక్ష పొంది ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పడం వలసపాలనాకాలపు రాజకీయ కేసులలో తరచుగా కనిపిస్తుంది. ఈ మూడు మార్గాలనూ సాధారణంగా త్యాగం, ధైర్యం, ద్రోహం అనే నైతిక పదాలతోనే వివరిస్తారు. ఆ ఎంపికలను చట్టం ఎలా తీర్చిదిద్దింది, ఒక్కొక్కదానికి ఏ విలువ కట్టింది అనే కోణం నుంచి ఈ వ్యాసం అలీపూర్ బాంబు కేసును పరిశీలిస్తుంది. రాజ్యం వాగ్దానం చేసి రాబట్టిన మాటను పూర్తిగా నమ్మకూడదన్న చట్టపు సందేహమే ముద్దాయికి అసలైన రక్షణ అని, ఆ సందేహం సడలినప్పుడల్లా ఒప్పుకోలూ మౌనమూ రెండూ అర్థం కోల్పోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అలీపూర్ బాంబు కేసు, అప్రూవర్, నేరాంగీకారం, సహనేరస్థుని సాక్ష్యం, భారత సాక్ష్య చట్టం 1872, మౌనహక్కు.

1. ఉపోద్ఘాతం:
ఇద్దరు అనుమానితులను వేర్వేరు గదులలో ఉంచి ప్రశ్నిస్తారు. ఇద్దరూ నోరు విప్పకపోతే ఇద్దరికీ స్వల్పశిక్ష పడుతుంది. ఒకరు ఒప్పుకొని రెండవవారు మౌనంగా ఉంటే ఒప్పుకున్నవారు విడుదలవుతారు, మౌనంగా ఉన్నవారికి కఠినశిక్ష పడుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ మధ్యస్థమైన శిక్ష పడుతుంది. 1950లో అమెరికాలోని రాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన ఒక గణితక్రీడకు ఆల్బర్ట్ టకర్ అదే సంవత్సరం ఈ కథారూపాన్ని ఇచ్చారు. ‘ఖైదీల సందిగ్ధం’గా ప్రసిద్ధమైన ఈ సమస్య సారాంశం ఇది: ఎవరికి వారు తమ లాభాన్నే చూసుకుంటే ఇద్దరూ ఒప్పుకుంటారు, ఫలితంగా ఇద్దరూ మౌనంగా ఉన్నప్పటికంటే ఎక్కువ నష్టపోతారు.

ఈ కథలో పైకి చెప్పని కొన్ని ఊహలున్నాయి. ఒప్పుకున్నవారి మాటను న్యాయస్థానం నమ్ముతుందనేది మొదటిది. రాజ్యం ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుందనేది రెండవది. విచారణ గది దాటిన తరువాత ఆ ఇద్దరి మధ్య మరేమీ జరగదనేది మూడవది. నేరం నిజంగా జరిగిందని, దానిలో రెండవవారి భాగస్వామ్యం నిస్సందేహమని కథ ముందే అంగీకరించడం నాల్గవది. గణితానికి ఈ ఊహలు అవసరమే. చరిత్రలో మాత్రం ఈ నాలుగూ వివాదాస్పదాలే.

గణితజ్ఞులు ఈ సమస్యకు పేరు పెట్టడానికి చాలాకాలం ముందే భారతదేశంలోని వలస న్యాయవ్యవస్థ దీనిని చట్టంలో నిబంధనలుగా రాసుకుంది. ఆ నిబంధనలు మనుషుల ప్రాణాలమీద ఎలా పనిచేశాయో తెలుసుకోవడానికి 1908 మే నెలలో కలకత్తాలో మొదలైన అలీపూర్ బాంబు కేసు తగిన ఉదాహరణ. ఒకే బృందానికి చెందిన ముగ్గురు – బారీంద్రకుమార్ ఘోష్, హేమచంద్ర దాస్, నరేంద్రనాథ్ గోస్వామి – ఒకే ప్రశ్నకు మూడు భిన్నమైన సమాధానాలు ఎంచుకున్నారు. వాటి పరిణామాలను పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘అప్రూవర్’: పదం, చట్టం:
తెలుగు పత్రికలలో నేటికీ వినిపించే ‘అప్రూవర్’ అనే మాట మధ్యయుగపు ఇంగ్లండ్ న్యాయవ్యవస్థ నుంచి వచ్చింది. మరణశిక్ష పడదగిన నేరాన్ని ఒప్పుకున్న వ్యక్తి, తన సహచరులపై నేరం మోపి దానిని రుజువు చేయడానికి పూనుకునేవాడు. రుజువు చేయగలిగితే క్షమాభిక్ష, చేయలేకపోతే ఉరి. అంటే అతని ప్రాణం ఇతరుల శిక్షపై ఆధారపడి ఉండేది. ఈ పద్ధతి క్రమంగా వాడుక తప్పిపోయినా, సహనేరస్థునికి ఆశ చూపి సాక్ష్యం చెప్పించే ఆచారం మరో రూపంలో కొనసాగింది. 1775లో రడ్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ ఆచారం పరిధులను వివరించారు.

భారతదేశంలో ఈ పద్ధతిని విస్తారంగా ప్రయోగించినది 1830ల నాటి థగ్గుల అణచివేత. విలియం స్లీమన్ నాయకత్వంలో పట్టుబడిన థగ్గులకు శిక్ష తగ్గిస్తామని ఆశ చూపి, వారి చేత సహచరుల పేర్లు చెప్పించారు. థగ్గుల ముఠాకు చెందినట్లు రుజువైతే చాలు, యావజ్జీవశిక్ష విధించవచ్చని 1836 నాటి 30వ చట్టం చెప్పింది. అటువంటి స్థితిలో అప్రూవర్ చూపుడువేలే అభియోగానికి ప్రధానాధారమైంది. నిజాం సైన్యంలో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ప్రచురించిన ఆంగ్లనవల ఒక థగ్గు అప్రూవర్ చెప్పుకునే ఆత్మకథగా సాగడం యాదృచ్ఛికం కాదు. ఆనాటి పాలనకు నేరలోకం గురించిన జ్ఞానం ప్రధానంగా అప్రూవర్ నోటినుంచే అందింది.

ఇదే కాలంలో మరో అనుభవం దీనికి విరుద్ధమైన దిశలో పనిచేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ హింస వాడుతున్నారన్న ఆరోపణలపై నియమితమైన కమిషన్ 1855లో నివేదిక సమర్పించింది. ఎలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ దాని సభ్యులు. వేళ్లను కర్రల మధ్య బిగించడం, మెడమీదుగా కాలివేళ్ల కిందుగా తాడు వేసి మనిషిని వంచి కట్టడం వంటి పద్ధతులను ఆ నివేదిక నమోదు చేసింది. వాటికి తెలుగు జిల్లాలలో వాడుకలో ఉన్న పేర్లను కూడా విడిగా పేర్కొంది. తెలుగు రైతుకు ‘ఒప్పుకోలు’ అనే మాట వెనుక ఏముందో ఈ నివేదిక చూపుతుంది. పోలీసుల చేతిలో పుట్టిన ఒప్పుకోలును న్యాయస్థానంలో రుజువు చేయరాదన్న నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరడానికి ఇటువంటి అనుభవాలే నేపథ్యం.

ఈ రెండు ధోరణులూ – అప్రూవర్‌పై ఆధారపడటం, ఒప్పుకోలును అనుమానించడం – జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టంలో పక్కపక్కనే చోటు చేసుకున్నాయి. ప్రలోభం, బెదిరింపు, వాగ్దానం వల్ల పుట్టిన నేరాంగీకారం చెల్లదని సెక్షన్ 24, పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారాన్ని రుజువు చేయరాదని సెక్షన్ 25 చెప్పాయి. కలిసి విచారణ ఎదుర్కొంటున్నవారిలో ఒకరి ఒప్పుకోలు తనతోపాటు ఇతరులనూ తాకితే, ఆ ఇతరుల విషయంలో కూడా న్యాయస్థానం దానిని పరిగణనలోకి తీసుకోవచ్చని సెక్షన్ 30 అనుమతించింది. సహనేరస్థుడు అర్హుడైన సాక్షి అని, మరో ఆధారం లేకుండా కేవలం అతని సాక్ష్యంపైనే శిక్ష విధించినంత మాత్రాన అది చట్టవిరుద్ధం కాదని సెక్షన్ 133 పేర్కొంది. ముఖ్యాంశాలలో ఇతర సాక్ష్యం బలపరిస్తే తప్ప సహనేరస్థుడు నమ్మదగినవాడు కాడని భావించవచ్చని సెక్షన్ 114లోని (బి) ఉదాహరణ హెచ్చరించింది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 337 ఈ నిర్మాణాన్ని పూర్తిచేసింది. నేరం గురించి, దానితో సంబంధమున్న ప్రతి వ్యక్తి గురించి తనకు తెలిసినదంతా నిజాయితీగా వెల్లడించాలన్న షరతుపై మెజిస్ట్రేట్ సహనేరస్థునికి క్షమాభిక్ష ప్రతిపాదించవచ్చు. షరతు తప్పితే సెక్షన్ 339 ప్రకారం అసలు నేరానికే తిరిగి విచారించవచ్చు. మౌనానికి కూడా చట్టం ఒక విలువ కట్టింది. న్యాయస్థానం అడిగిన ప్రశ్నకు సమాధానం ఇవ్వనందుకు ముద్దాయిని శిక్షించరాదని సెక్షన్ 342 చెప్పింది. అయితే ఆ నిరాకరణ నుంచి న్యాయస్థానం తనకు సబబని తోచిన నిర్ణయానికి రావచ్చని అదే సెక్షన్ జోడించింది.

ఈ నిబంధనలను కలిపి చదివితే ఒక వైరుధ్యం బయటపడుతుంది. వాగ్దానం చేసి ఒక మనిషి చేత తనకు వ్యతిరేకంగా చెప్పించిన మాట చెల్లదు. అదే వాగ్దానంతో ఇతరులకు వ్యతిరేకంగా చెప్పించిన మాట చెల్లుతుంది. ఆశ మనిషి చేత అబద్ధమాడించగలదని చట్టానికి తెలుసు. ఆ ఎరుకతోనే అది ఆశను సాధనంగా వాడుకుంది. ఈ వైరుధ్యాన్ని అదుపులో ఉంచడానికి రెండే నియమాలున్నాయి: బలపరిచే సాక్ష్యం కావాలన్నది ఒకటి, సాక్షిని ఎదుటిపక్షం ప్రశ్నించే అవకాశం ఉండాలన్నది రెండవది. అలీపూర్ కేసు ఈ రెండింటినీ పరీక్షకు పెట్టింది.

3. బారీంద్రుని ఒప్పుకోలు:
1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో న్యాయాధికారి కింగ్స్‌ఫర్డ్‌ను లక్ష్యంగా చేసుకొని ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ విసిరిన బాంబు మరో బండిపై పడి ఇద్దరు ఆంగ్లమహిళలు మరణించారు. మే 2వ తేదీ తెల్లవారుజామున కలకత్తాలో పోలీసులు పలుచోట్ల సోదాలు జరిపారు. మాణిక్‌తలా ప్రాంతంలోని మురారిపుకూర్ తోటలో బారీంద్రకుమార్ ఘోష్, ఉల్లాస్‌కర్ దత్, ఉపేంద్రనాథ్ బెనర్జీ తదితరులు పట్టుబడ్డారు. బారీంద్రుని అన్న అరవింద ఘోష్‌ను, హేమచంద్ర దాస్‌ను వారివారి నివాసాలలో అరెస్టు చేశారు.

మే 4న బారీంద్ర, ఉల్లాస్‌కర్, ఉపేంద్రనాథ్ తదితరులు మెజిస్ట్రేట్ లియోనార్డ్ బర్లీ ఎదుట నేరాంగీకార ప్రకటనలు చేశారు. వారెవరికీ క్షమాభిక్ష వాగ్దానం లేదు. బాధ్యత నాయకులే నెత్తిన వేసుకుంటే అమాయకులు, చిన్నవయసువారు బయటపడతారని బారీంద్ర భావించారు. తాము చేసిన ప్రయత్నం దేశానికి తెలియాలన్న కోరిక కూడా అందులో ఉంది. ఖైదీల సందిగ్ధంలో ఈ ఎంపికకు చోటు లేదు. తనను కాపాడుకోవడానికి కాక ఇతరులను కాపాడటానికి చేసిన ఒప్పుకోలు ఇది.

ఉద్దేశం ఎంత ఉదాత్తమైనా ఒప్పుకోలు ఎక్కడ ఆగాలో చెప్పినవారి చేతిలో ఉండదు. ఒక రహస్యబృందం కథ చెప్పాలంటే అందులో ఉన్నవారి కథ కూడా చెప్పాలి. హేమచంద్ర దాస్ తన ఆస్తిలో కొంత భాగం అమ్ముకొని పారిస్ వెళ్లారని, తిరిగివచ్చాక ఉల్లాస్‌కర్‌తో కలిసి పేలుడు పదార్థాల తయారీలో పాల్గొన్నారని బారీంద్రుని ప్రకటనలో ఉంది. నోరు విప్పని సహచరుని పాత్రను, ఇతరులను కాపాడాలన్న సంకల్పంతో చేసిన ప్రకటనే మెజిస్ట్రేట్ ముందుంచింది. సెక్షన్ 30 ఉన్నంతవరకు ఏ ఒప్పుకోలూ చెప్పినవారికి మాత్రమే పరిమితం కాదని చెప్పడానికి దీనికంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

4. హేమచంద్రుని మౌనం:
హేమచంద్ర దాస్ మేదినీపూర్‌కు చెందినవారు. బాంబుల తయారీని ఐరోపాలో శాస్త్రీయంగా నేర్చుకొని వచ్చిన ఆయన ఎటువంటి ప్రకటనా చేయలేదు. తరువాతికాలంలో హేమచంద్ర కానుంగోగా ఆయన 1928లో బెంగాలీలో వెలువరించిన ‘బాంగ్లాయ్ బిప్లబ్ ప్రచేష్టా’ అనే గ్రంథంలో బారీంద్రుని నాయకత్వాన్నీ, ఆ ఒప్పుకోళ్లనూ తీవ్రంగా విమర్శించారు. ఒక విప్లవోద్యమాన్ని అందులోని వ్యక్తే అంత నిష్కర్షగా విశ్లేషించడం ఆ కాలపు రచనలలో అరుదు.

ఇద్దరి వాదాల మధ్య తేడా స్వభావాలకు మాత్రమే సంబంధించినది కాదు. బారీంద్ర దృష్టిలో ఒప్పుకోలు ఒక బహిరంగ రాజకీయచర్య, దానికి శ్రోత దేశం. హేమచంద్ర దృష్టిలో అది అభియోగపత్రానికి అందించిన ముడిసరుకు, దానికి శ్రోత ప్రాసిక్యూషన్. న్యాయస్థానపు గోడల లోపల రెండవ అంచనాయే నిజమైంది. అయితే హేమచంద్రుని మౌనం కూడా ఆయనను కాపాడలేదు. మౌనం ఫలించాలంటే అది అందరిదీ కావాలి. ఒకరు మాట్లాడిన తరువాత మిగిలినవారి మౌనం వారికి గౌరవం తెచ్చిందే తప్ప రక్షణ కాలేదు.

5. నరేంద్రనాథ్ గోస్వామి సాక్ష్యం:
శ్రీరాంపూర్‌కు చెందిన సంపన్న భూస్వామి కుటుంబంలోని యువకుడు నరేంద్రనాథ్ గోస్వామి. 1908 జూన్‌లో ఆయన సెక్షన్ 337 ప్రకారం క్షమాభిక్ష పొంది అప్రూవర్‌గా మారారు. మెజిస్ట్రేట్ బర్లీ ఎదుట ఇచ్చిన వాంగ్మూలంలో అరవింద ఘోష్‌తో సహా అనేకుల పేర్లు చెప్పారు. ప్రాసిక్యూషన్‌కు ఇది ఎంతో అవసరమైన సాక్ష్యం. ఎందుకంటే అరవిందుని విషయంలో అభియోగం ప్రధానంగా లేఖలు, రచనలు, పరిచయాల మీద ఆధారపడి ఉంది. కుట్రలో ఆయన ప్రత్యక్షపాత్రను చెప్పగల లోపలి మనిషి అవసరమయ్యారు.

ప్రాసిక్యూషన్ తరఫున వాదించినవారు మద్రాసు బారిస్టర్ ఎర్డ్లీ నార్టన్. 1855 నాటి మద్రాసు హింసల కమిషన్ సభ్యుడు జాన్ బ్రూస్ నార్టన్ కుమారుడాయన. ఒప్పుకోలు వెనుక ఉన్న బలప్రయోగాన్ని తండ్రి సభ్యుడుగా ఉన్న కమిషన్ వెలికితీసింది. అర్ధశతాబ్ది తరువాత కుమారుడు ఒప్పుకోళ్లు, అప్రూవర్ వాంగ్మూలం ఆధారంగా కేసు నిర్మించడానికి నియమితులయ్యారు. ఇందులో వ్యక్తిగత వైరుధ్యం వెతకనవసరం లేదు. బలప్రయోగం స్థానాన్ని ప్రలోభం ఆక్రమించడం ఆ యాభై ఏళ్లలో చట్టం నడిచిన దారి.

గోస్వామి ఎంపికను ద్రోహం అనే ఒక్క మాటతో ముగించడం సులభం. ఆ మాట అసత్యం కాకపోవచ్చు గాని వివరణకు అది చాలదు. సెక్షన్ 337 కింద క్షమాభిక్ష పొందిన వ్యక్తి ఆ క్షణం నుంచి రెండు భయాల మధ్య జీవిస్తాడు. చెప్పినది చాలలేదనిపిస్తే క్షమాభిక్ష రద్దవుతుంది. చెప్పినది ఎక్కువైతే సహచరుల కోపానికి గురవుతాడు. విచారణ ముగిసేవరకు అతనికి స్వేచ్ఛ కూడా లేదు, నిర్బంధంలోనే ఉండాలి. తాను ఎవరి పేర్లు చెప్పాడో వారున్న కారాగారంలోనే గోస్వామి కూడా ఉన్నారు. వేరే వార్డుకు మార్చడం ఒక్కటే ఆయనకు లభించిన రక్షణ.

6. 1908 ఆగస్టు 31:
ముద్దాయిలలో కనాయిలాల్ దత్, సత్యేంద్రనాథ్ బోస్ అనే ఇద్దరు కారాగారం లోపలికి రహస్యంగా రివాల్వర్లు తెప్పించుకున్నారు. సత్యేంద్ర అనారోగ్యంతో కారాగార వైద్యశాలలో ఉన్నారు. కనాయి కడుపునొప్పి నెపంతో అక్కడికి చేరారు. తాను కూడా ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పదలిచానని సత్యేంద్ర గోస్వామికి కబురు పంపారు. ఆ మాట నమ్మి వైద్యశాలకు వచ్చిన గోస్వామిని ఆగస్టు 31న ఇద్దరూ కాల్చి చంపారు.

ఈ ఘటనలో గమనించదగిన అంశం వలగా వాడిన మాట. ఒక అప్రూవర్‌ను రప్పించడానికి మరొకరు అప్రూవర్ అవుతానన్నారు. సహచరుడు కూడా తనలాగే చేస్తాడన్నది గోస్వామికి నమ్మదగినదిగా తోచింది. అనుమానాన్ని పెంచిపోషించే వ్యవస్థలో అప్రూవర్‌కు మిగిలిన ఒకే ఒక్క ఊరట తనవంటి రెండవ మనిషి. ఆ ఊరటే ఆయన ప్రాణం తీసింది.

కనాయిలాల్‌ను 1908 నవంబరు 10న ఉరితీశారు. అప్పీలు చేయడానికి ఆయన నిరాకరించారు. ఆయన అంత్యక్రియలకు కలకత్తాలో జనం పోటెత్తారు. అదే నెలలో సత్యేంద్రనాథ్‌ను ఉరితీసినప్పుడు అంత్యక్రియలను కారాగార ఆవరణలోనే ముగించారు.

న్యాయపరంగా ఈ హత్య ప్రభావం మరింత లోతైనది. సాక్షి మరణించినప్పుడు అంతకుముందు విచారణలో ఇచ్చిన సాక్ష్యాన్ని స్వీకరించాలంటే, ఎదుటిపక్షానికి ఆ సాక్షిని ప్రశ్నించే హక్కూ అవకాశమూ లభించి ఉండాలని సాక్ష్య చట్టం సెక్షన్ 33 షరతు పెట్టింది. బర్లీ ఎదుట గోస్వామిని ముద్దాయిల పక్షం క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేదు. అందువల్ల సెషన్స్ విచారణ మొదలుకాకముందే ఆయన వాంగ్మూలం సాక్ష్యంగా పనికిరాకుండా పోయింది.

7. శాసనం ఇచ్చిన జవాబు:
నాలుగు నెలలు తిరగకుండానే, 1908 డిసెంబరులో, ఇండియన్ క్రిమినల్ లా సవరణ చట్టం (1908 నాటి 14వ చట్టం) వచ్చింది. కొన్ని రకాల నేరాలను జ్యూరీ లేకుండా ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం విచారించే పద్ధతిని ఇది ప్రవేశపెట్టింది. దీని సెక్షన్ 13 సాక్ష్య చట్టంలోని సెక్షన్ 33ను నేరుగా తప్పించింది. సాక్షి మరణం గాని, గైర్హాజరు గాని ముద్దాయిల ప్రయోజనం కోసమే జరిగిందని హైకోర్టు నమ్మడానికి కారణముంటే, మెజిస్ట్రేట్ నమోదు చేసిన అతని సాక్ష్యాన్ని హైకోర్టు ఎదుట సాక్ష్యంగా స్వీకరించవచ్చని అది చెప్పింది.

ఈ నిబంధన వెనుక ఒక తర్కం ఉంది. సాక్షిని చంపినవారు ఆ హత్య వల్ల లాభపడకూడదన్నది న్యాయమైన వాదమే. కాని ఆ సాక్షి అప్రూవర్ అయినప్పుడు ఆ తర్కం మరో చోటికి దారితీస్తుంది. క్షమాభిక్ష ఆశతో చెప్పిన మాట, ఎవరూ ఎదురుప్రశ్న వేయని మాట, చెప్పిన మనిషి మరణించాక ఇక ఎప్పటికీ పరీక్షకు నిలవనవసరం లేని మాట అవుతుంది. చంపినవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేది ఆ హత్యతో సంబంధం లేని మరొక ముద్దాయి కావచ్చు. అప్రూవర్ వ్యవస్థను అదుపులో ఉంచే రెండు నియమాలలో ఒకటి ఇలా సడలింది. అలీపూర్ ముద్దాయిల విచారణ అప్పటికే సెషన్స్ కోర్టులో సాధారణ చట్టం కింద నడుస్తున్నందున ఈ కొత్త నిబంధన వారికి వర్తించలేదు.

8. తీర్పు – మూడు ఎంపికల లెక్క:
అదనపు సెషన్స్ జడ్జి బీచ్‌క్రాఫ్ట్ ఎదుట 1908 అక్టోబరులో విచారణ మొదలైంది. రెండువందలకు పైగా సాక్షులను విచారించారు. అరవిందుని తరఫున చిత్తరంజన్ దాస్ వాదించారు. విచారణ సాగుతుండగానే 1909 ఫిబ్రవరిలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ అశుతోష్ బిశ్వాస్ హత్యకు గురయ్యారు. మే 6న తీర్పు వెలువడింది. బారీంద్ర, ఉల్లాస్‌కర్‌లకు ఉరిశిక్ష, హేమచంద్ర, ఉపేంద్రనాథ్‌లకు యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. అరవింద ఘోష్ నిర్దోషిగా విడుదలయ్యారు. 1909 నవంబరులో హైకోర్టు రెండు ఉరిశిక్షలనూ ద్వీపాంతరవాసంగా మార్చింది.

దీనితో ఒప్పుకున్న బారీంద్రకూ, ఒప్పుకోని హేమచంద్రకూ చివరికి ఒకే శిక్ష, ఒకే అండమాన్ కారాగారం దక్కాయి. క్షమాభిక్ష పొందిన గోస్వామి తీర్పు వినడానికి బతికి లేరు. ఒప్పుకున్నవారిలో ఒకరైన ఉల్లాస్‌కర్ అండమాన్‌లో మానసికంగా కుంగిపోగా ఆయనను మద్రాసులోని మానసిక చికిత్సాలయానికి తరలించారు. ఖైదీల సందిగ్ధపు పట్టికలో ప్రతి ఎంపిక పక్కనా ఒక స్థిరమైన అంకె ఉంటుంది. ఇక్కడ మూడు ఎంపికలకూ ముందుగా ఊహించిన ఫలితం ఒక్కటీ దక్కలేదు.

అరవిందుని విడుదలకు కారణం సహచరుల మౌనం కాదు, ఎందుకంటే సహచరులలో పలువురు మాట్లాడారు. గోస్వామి వాంగ్మూలం తీర్పుకు ఆధారం కాలేకపోవడం, మిగిలిన సాక్ష్యం నేరనిరూపణకు చాలకపోవడం దానికి కారణాలు. ఇక్కడ ఒక అసౌకర్యకరమైన వాస్తవాన్ని దాటవేయకూడదు. సెక్షన్ 33లోని షరతు అక్కరకు వచ్చింది ఒక హత్య వల్ల. గోస్వామి బతికి ఉండి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడి ఉంటే ఆయన మాట ఎంతవరకు నిలిచేదో చరిత్ర చెప్పలేదు. అందువల్ల ఈ ఒక్క కేసు ఆధారంగా చట్టపు సందేహం ముద్దాయిని కాపాడిందని తేల్చడం తొందరపాటు. బతికి ఉండి, న్యాయస్థానంలో నిలబడి, ఎదురుప్రశ్నలకు తట్టుకున్న అప్రూవర్ మాటను చట్టం ఎలా తూచిందో కూడా చూడాలి.

9. తరువాతి కేసులు:
లాహోర్ కుట్ర కేసు (1929-1930)లో జైగోపాల్, హంస్‌రాజ్ వోహ్రా, ఫణీంద్రనాథ్ ఘోష్ తదితరులు అప్రూవర్లుగా మారారు. 1930 మే 1న వైస్రాయి ఇర్విన్ జారీచేసిన ఆర్డినెన్సు ద్వారా ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేదు. అక్టోబరు 7న భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు ఉరిశిక్ష విధించింది. ఫణీంద్రనాథ్‌ను 1932లో బేతియాలో వైకుంఠ్ శుక్ల హత్యచేశారు, దానికి ఆయనను 1934లో ఉరితీశారు. అలీపూర్‌లో విచారణకు ముందు జరిగినది ఇక్కడ తీర్పు తరువాత జరిగింది. అప్రూవర్‌కు రాజ్యం ఇచ్చిన వాగ్దానం న్యాయస్థానపు గడప వద్ద ముగుస్తుందని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి.

1922 నాటి చౌరీచౌరా కేసులో మీర్ షికారీ అప్రూవర్. గోరఖ్‌పూర్ సెషన్స్ కోర్టు 172 మందికి మరణశిక్ష విధించింది. 1923లో అలహాబాద్ హైకోర్టు వాటిలో 19 మాత్రమే ఖాయపరిచింది. అప్రూవర్ కథనం ఒక రైతుసమూహపు చర్యను పథకం ప్రకారం జరిగిన నేరంగా ఎలా మలుస్తుందో చరిత్రకారుడు షాహిద్ అమీన్ ఈ కేసు ఆధారంగానే విశ్లేషించారు. అప్రూవర్ సాక్ష్యం నిజమా, అబద్ధమా అన్న ప్రశ్నతోపాటు, అది ఎవరి ప్రశ్నలకు సమాధానంగా రూపుదిద్దుకుంది అన్న ప్రశ్న కూడా అడగాలని ఆ పరిశీలన చరిత్రకారులకు నేర్పింది.

గాంధీ హత్యకేసులో దిగంబర్ బడ్గే అప్రూవర్. ఎర్రకోటలో ప్రత్యేక న్యాయమూర్తి ఆత్మాచరణ్ ఆయనను నమ్మదగిన సాక్షిగానే పరిగణించారు. అయినా సావర్కర్ విషయంలో బడ్గే మాటను బలపరిచే స్వతంత్ర సాక్ష్యం లేనందున ఆ ఒక్క మాటపై ఆధారపడటం సురక్షితం కాదని భావించి, 1949 ఫిబ్రవరి 10న ఆయనను నిర్దోషిగా విడుదల చేశారు. ఇక్కడ అప్రూవర్ బతికే ఉన్నారు, క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఎదుర్కొన్నారు, న్యాయమూర్తి నమ్మకాన్నీ పొందారు. అయినా బలపరిచే సాక్ష్యం కావాలన్న నియమం నిలిచింది. దేశం మొత్తం కలతచెందిన కేసులో కూడా చట్టం తన సందేహాన్ని వదులుకోలేదు. అలీపూర్ కేసు ఇవ్వలేని సమాధానం ఇక్కడ లభిస్తుంది.

1949లోనే ప్రీవీ కౌన్సిల్ భూబనీ సాహు కేసులో సహముద్దాయి ఒప్పుకోలు అప్రూవర్ సాక్ష్యం కంటే కూడా బలహీనమైనదని వివరించింది. దానిని ప్రమాణం చేసి చెప్పరు, ఇతర ముద్దాయిల సమక్షంలో చెప్పరు, దానిని క్రాస్ ఎగ్జామినేషన్‌తో పరీక్షించడం సాధ్యం కాదు. సుప్రీంకోర్టు 1952లో కశ్మీరా సింగ్ కేసులో ఈ దృక్పథాన్నే అనుసరించింది. 1957లో సర్వన్ సింగ్ కేసులో అప్రూవర్ సాక్ష్యానికి రెండు పరీక్షలు పెట్టింది: మొదట అతడు నమ్మదగినవాడై ఉండాలి, ఆపైన అతని మాటకు బలపరిచే సాక్ష్యం ఉండాలి. బారీంద్రుని ఒప్పుకోలు హేమచంద్రుని తాకిన తీరును గుర్తుచేసుకుంటే ఈ తీర్పుల విలువ బోధపడుతుంది.

మౌనం వైపు కూడా మార్పు వచ్చింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కావాలని ఏ ముద్దాయినీ బలవంతం చేయరాదని రాజ్యాంగం 20(3) అధికరణం హామీ ఇచ్చింది. ఈ రక్షణ పోలీసు విచారణ దశకు కూడా వర్తిస్తుందని 1978లో నందినీ శత్పథి కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. 1898 నాటి కోడ్‌లో అనుమానానికి తావిచ్చిన మౌనం ఇప్పుడు హక్కుగా మారింది.

10. ముగింపు:
2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 138 సహనేరస్థుని సాక్ష్యం గురించిన పాత సెక్షన్ 133లో ఒక మాట మార్చింది. బలపరిచే ఆధారం లేని సాక్ష్యంపై శిక్ష విధించినా చట్టవిరుద్ధం కాదన్న చోట, బలపరచబడిన సాక్ష్యంపై విధించిన శిక్ష చట్టవిరుద్ధం కాదని ఇప్పుడు ఉంది. ఒకటిన్నర శతాబ్దాలపాటు రెండు సెక్షన్ల మధ్య ఊగిసలాడిన వైరుధ్యం వాక్యస్థాయిలో ఇలా తేలింది. క్షమాభిక్ష పద్ధతి మాత్రం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కొనసాగుతున్నది. రాజ్యం ఇప్పటికీ సహనేరస్థుని మాట కోసం వాగ్దానం చేస్తుంది, ఆ మాటను ఇప్పటికీ అనుమానిస్తుంది.

సహచరునితో పాటు ప్రశ్నింపబడే మనిషి ఒప్పుకోవాలా, మౌనంగా ఉండాలా అన్న ప్రశ్నకు అలీపూర్ కేసు నీతిసూత్రం ఇవ్వదు. బారీంద్రుని త్యాగబుద్ధి హేమచంద్రుని బయటపెట్టింది. హేమచంద్రుని నిగ్రహం ఆయనకు ఒక్కరోజు శిక్ష కూడా తగ్గించలేదు. గోస్వామికి దక్కిన క్షమాభిక్ష మూడునెలలు కూడా నిలవలేదు. ఆ గదిలో కూర్చున్న మనిషికి తన ఎంపిక ఫలితం తెలియదు, దానిని నిర్ణయించే శక్తీ లేదు. ఆ శక్తి అతని మాటను ఎంతవరకు నమ్మాలో నిర్ణయించే నియమాలలో ఉంది. 1908 డిసెంబరు నాటి సెక్షన్ 13 వలె ఆ నియమాలు సడలినప్పుడు మౌనంగా ఉన్నవారికి రక్షణ లేదు, మాట్లాడినవారికి గౌరవమూ లేదు. 1949 నాటి ఎర్రకోట తీర్పులో వలె అవి నిలిచినప్పుడు, మాట్లాడినవారెవరైనా, మౌనంగా ఉన్నవారెవరైనా, నేరనిరూపణ భారం మోయవలసినది రాజ్యమే అవుతుంది. వలసకాలపు రాజకీయ కేసులను వీరగాథలుగానో ద్రోహకథలుగానో చదవడంతో ఆగక, సాక్ష్యనియమాల చరిత్రగా కూడా చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది.